ఇరవై ఏడో వారం

ఉదయపు ట్రిప్పు ముగించి పసుపు బస్సును డిపో కంచె పక్కన నిలిపిన తరువాత వెర్డెల్ గాడ్స్‌డెన్ వెంటనే దిగడానికి వీల్లేదు. చివరి వరుస దాకా నడిచి, ప్రతి సీటు కిందికీ వంగి చూసి, నిద్రపోయిన బిడ్డ ఎవరూ మిగిలిపోలేదని తేల్చుకొని, వెనుక తలుపు పక్కనున్న మీట నొక్కితే గాని అలారం నోరు మూయదు. ఇరవై మూడేళ్లుగా ఆమె ఆ నడక నడుస్తూనే ఉంది. ఆ బుధవారం కూడా నడిచింది. ఒక చేతితొడుగు, సగం కొరికిన ఆపిల్ పండు దొరికాయి. వాటిని అద్దం ముందు పెట్టి, మళ్లీ తన సీటులోనే కూర్చొని, సంచిలోంచి నీలం ఫైలు తీసి స్టీరింగు మీద పరిచింది.

ఫైలులో ఉన్నది దస్తావేజు. రిజిస్ట్రారు ముద్ర పడి పది రోజుల కిందటే పోస్టులో వచ్చింది. సముద్రపు ఒడ్డున పదకొండు అంతస్తుల రిసార్టులో, రెండు పడకగదుల ఫ్లాటులో, ఏడాదికొక్క వారం. డిపోలో మెకానిక్కుగా పనిచేసే క్లియోఫస్ మెక్‌నైట్ ఆ వారాన్ని ఇరవై తొమ్మిదేళ్లు వాడుకొని, ఇక చాలనిపించి ఆమెకు అమ్మాడు. మూడో పుటలో, వెర్డెల్ పెన్సిలుతో గీత గీసుకున్న చోట, ‘ఇరవై ఏడో వారం’ అని స్పష్టంగా ఉంది. క్యాలెండరు ముందు పెట్టుకొని ఆమె శనివారాలను మూడుసార్లు లెక్కపెట్టింది. ఇరవై ఏడో వారం జులై నాలుగుతో మొదలవుతుంది. గాడ్స్‌డెన్ వంశమంతా ఏటా కలుసుకునే వారం అదే. ఈసారి కలయిక చర్చి మైదానంలో గుడారం కింద కాదని, సముద్రం ఒడ్డునేనని, ఎనభై ఆరేళ్ల ఒజెల్లా అత్త బాల్కనీలో కుర్చీ వేసుకొని కూర్చుంటే నలభై ముగ్గురూ ఆమె చుట్టూ చేరతారని, వెర్డెల్ క్రిస్మసు నాడే అందరికీ చెప్పేసింది.

ఇప్పుడు రిసార్టుకు ఫోను చేసింది ఒక చిన్న మాట అడగడానికే.

“లిఫ్టుకి దగ్గర్లో ఉండే ఫ్లాటు ఇప్పించాలమ్మా. మా అత్తకి మోకాళ్లు పట్టేస్తాయి. జులై నాలుగు వారానికి.”

“అలాగేనండీ. నా పేరు కార్లీన్. మీ బుకింగ్ నంబరు చెప్పండి,” అంది అవతలి గొంతు. నోట్లో దగ్గుబిళ్ల పళ్లకు తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“బుకింగ్ దేనికి? ఆ వారం నాదే. దస్తావేజులో రాసుంది, ఇరవై ఏడో వారమని.”

దగ్గుబిళ్ల చప్పుడు ఆగింది.

“మీరు ఈమధ్యే కొన్నారా? వేరేవాళ్ల దగ్గర?”

“అవును. అయితే ఏంటి?”

“మీది తేలే వారం అండీ.”

“తేలడానికి అదేమన్నా పడవా?”

కార్లీన్ నవ్వలేదు. ఈ ప్రశ్న ఆమెకు రోజూ ఎదురయ్యేదే కాబోలు, వల్లించిన పాఠాన్ని విసుగు లేకుండా వల్లించింది. “ఒక్కో ఫ్లాటుని యాభై మందికి అమ్ముతారండీ. దస్తావేజు రాయాలంటే ఒక్కొక్కరికీ ఒక నంబరు వెయ్యాలి కదా. ఆ నంబరు రిజిస్ట్రారు ఆఫీసు కోసం, అంతే. వాడుకోడానికి కాదు. మీకున్న హక్కల్లా ఎర్ర కాలంలో ఏదో ఒక వారం. అంటే మే మధ్య నుంచి సెప్టెంబరు మొదటిదాకా, ఏది ఖాళీ ఉంటే అది. ఎవరు ముందు ఫోన్ చేస్తే వాళ్లది.”

“మరి జులై నాలుగు?”

“ఏ వారాన్నైనా సరిగ్గా ఏడాది ముందు, పొద్దున్న తొమ్మిదింటికి తెరుస్తాం. జులై నాలుగు వారం పోయినేడు పదకొండు నిమిషాల్లో అయిపోయింది. అందులో రెండు నిమిషాలు నేను దగ్గుతూనే ఉన్నాను.”

“పోయిన జులైకి నేనింకా కొననేలేదు కదమ్మా!”

“అదేనండీ మరి.”

“తీసుకున్నవాళ్ల కాగితాల మీద ఇరవై ఏడని ఉందా?”

“ఒకావిడ తనది ఇరవై రెండంది. ఒకాయన ముప్పై మూడన్నాడు. నిజం చెప్పాలంటే ఆ నంబరు నేను చూడనే చూడను. ఈ ఏటి నిర్వహణ ఫీజు కట్టారా లేదా, అదొక్కటే నా తెర మీద కనిపిస్తుంది.”

వెర్డెల్ పెన్సిలు గీతను బొటనవేలితో రుద్దింది. గీత చెదిరి నల్లగా అలుముకుందే గాని అక్షరాలు అలాగే ఉన్నాయి. తాను బస్సు నడుపుతానని, వేసవి సెలవుల్లో తప్ప కదలలేనని, అత్తకు మాట ఇచ్చానని, ఎన్నడూ కొత్తవాళ్లతో చెప్పుకోని సంగతులన్నీ ఆ గొంతుతో చెప్పుకుంది.

కార్లీన్ గొంతు తగ్గించి, “ఒక దారుంది,” అంది. “ఈ శనివారంతో ఫీజుల గడువైపోతుంది. కట్టనివాళ్ల బుకింగులు రద్దవుతాయి. సోమవారం తొమ్మిదింటికి అవన్నీ మళ్లీ బయటికొస్తాయి. జులైవి ఒకటో రెండో ఉంటాయి. మీరు కట్టేశారు కాబట్టి మీరూ బుక్ చెయ్యొచ్చు.”

“ఎంతమంది కాచుకుని ఉంటారు?”

“లెక్కపెట్టలేదండీ. మీ వేలు మాత్రం ఫోను మీంచి తియ్యకండి.”

*

మరునాడు మధ్యాహ్నపు ట్రిప్పులో ఆమె నెస్మిత్ రోడ్డు స్టాపు దాటి వెళ్లిపోయింది. ఎన్నడూ అలా జరగలేదు. “మిస్ వెర్డెల్! మిస్ వెర్డెల్! మా ఇల్లు దాటిపోయింది!” అని వెనుక నుంచి ముగ్గురు పిల్లలు అరిచేదాకా ఆమె కళ్ల ముందు క్యాలెండరు గళ్లే కదులుతున్నాయి. బస్సు తిప్పడానికి చోటు దొరకక రెండు మైళ్లు ముందుకు పోయి, పాత పొగాకు కొట్టం దగ్గర తిప్పుకొని వచ్చేసరికి, ఆ పిల్లల నాయనమ్మ రోడ్డు అంచున నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడి ఉంది.

“ఏమ్మా, ఇల్లు లేచి ఎటన్నా పోయిందనుకున్నావా?”

“తప్పయిపోయిందండీ.”

“నిన్నున్న చోటే ఉందిలే. రేపూ అక్కడే ఉంటుంది.”

డిపోకు వచ్చేసరికి క్లియోఫస్ గోతిలో నిలబడి, తలపైన ఉన్న బస్సు బ్రేకు గొట్టాలు బిగిస్తున్నాడు. వెర్డెల్ గట్టున నిలబడి అతని టోపీ మీదికి మాటలు వదిలింది.

“క్లియోఫస్ అన్నా, నీళ్ల మీద రాసిచ్చావు కదా నాకు!”

“ఏం రాశానే?”

“ఇరవై ఏడో వారం. అది నాది కాదంట. తేలుతుందంట.”

“తేలుతుందని చెప్పే ఇచ్చాను. ఎప్పుడైనా వెళ్లొచ్చని కూడా చెప్పాను.”

“ఎప్పుడైనా అంటే జులై కూడా అనుకోరా ఎవరైనా?”

క్లియోఫస్ రెంచిని అంచు మీద పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ తల పైకెత్తాడు. “నేనెప్పుడూ జులైలో పోలేదు తల్లీ. ఆ ఎండలో, ఆ జనంలో ఎవడు పోతాడు? మేలో పోయేవాణ్ణి, చేపలు ఒడ్డుకొచ్చే రోజుల్లో. ఫోన్ చేస్తే ఏ అంతస్తు కావాలి సార్ అని వాళ్లే అడిగేవాళ్లు. ఆ కాగితం మీద ఇరవై ఏడుందో ఎనభై ఏడుందో నేను చదివితే ఒట్టు.”

అతడు అబద్ధమాడటం లేదని ఆమెకు తెలుసు. తెలిసినందువల్ల కోపానికి నిలబడే చోటు లేకుండా పోయింది.

“ఇది అన్యాయం అన్నా. కాగితం మీద నా నంబరు, మంచం మీద ఎవడో.”

“మన చర్చిలో ఎడమపక్క మూడో బల్లకి మీ తాత పేరుతో ఇత్తడి రేకుంది కదా?”

“ఉంది.”

“ఈస్టరు నాడు పదకొండింటికి వస్తే ఆ బల్ల మీద నీకు చోటుంటుందా?”

“ఎందుకుంటుంది? ఎనిమిదిన్నరకే వచ్చి ఆ బ్రౌన్‌లీ వాళ్లు ఆక్రమించేసుకుంటారు.”

“వాళ్లని లేపుతావా మరి?”

“లేపాలనే ఉంటుంది,” అంది వెర్డెల్. గోతిలోంచి క్లియోఫస్ నవ్వు ఇనుముకు తగిలి మోగింది.

“ఒద్దంటే చెప్పు, నీ డబ్బు నీకిచ్చేస్తాను. మీ వదినకి ఏం చెప్పాలా అనే కదా నీ ఏడుపు?”

“వదినదేముంది! అత్తకి మాటిచ్చాను.”

అన్నదే గాని, రెండూ నిజమని ఆమెకు తెలుసు. ఆమె అన్న భార్య లర్లీన్ తొమ్మిదేళ్లుగా వంశ కలయికకు అధ్యక్షురాలు. ఆ తొమ్మిదేళ్లలో వెర్డెల్ తెచ్చి పెట్టినదల్లా కాగితపు పళ్లాలు.

శుక్రవారం ఉదయం సరిగ్గా తొమ్మిదింటికి ఆమె ఉత్తినే రిసార్టుకు ఫోను చేసి, ఎన్ని మోతలకు ఎత్తుతారో చూసి, ఎత్తగానే పెట్టేసింది. మూడు. శనివారం మళ్లీ చేసింది. ఏడు. రెండు అంకెలూ డీజిలు రసీదు వెనుక రాసుకుంది. వాటితో ఏం చేయాలో ఆమెకు తెలియదు, అయినా రాసుకుంది.

*

ఆదివారం ఆరాధన తరువాత అందరూ ఒజెల్లా అత్త ఇంటికే భోజనానికి వస్తారు. ఆ వారం వచ్చినది వెర్డెల్, లర్లీన్ మాత్రమే. అత్త టమాటాతో వండిన ఎర్ర అన్నం గిన్నె మధ్యలో పెట్టింది. లర్లీన్ కోడిముక్కల పళ్లేన్ని పక్కకు జరిపి, ఆ స్థలంలో అట్టపెట్టె తెరిచి, లోపలి నుంచి ఆకాశనీలం చొక్కా ఒకటి తీసి రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. గుండెల మీద తెల్లని అల, దాని కింద ‘గాడ్స్‌డెన్ వంశం, జులై నాలుగు, సముద్రతీరం’ అన్న అక్షరాలు.

“నలభై మూడూ వచ్చేశాయి. పసిపిల్లలవి కూడా. ఇంతకీ ఏ అంతస్తో చెప్పు వెర్డెల్, అందరూ నన్ను పీక్కు తింటున్నారు.”

“వాళ్లింకా చెప్పలేదు వదినా.”

“ఈ మాట నువ్వు చెప్పడం ఇది మూడోసారి.”

“మూడుసార్లు అడిగావు కాబట్టి.”

ఒజెల్లా అత్త ఆకుకూర వడ్డిస్తున్న గరిటెను గిన్నెలో నిలబెట్టింది. “ఆ కాగితం తెచ్చావా పిల్లా?”

ఫైలు ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది. అత్త భూతద్దం తెప్పించుకొని, వేలు తడి చేసుకుంటూ ఒక్కొక్క పుటే తిప్పింది. మూడో పుట దగ్గర ఆమె ఆగలేదు. ఏడో పుట దగ్గర ఆగి, భూతద్దాన్ని దగ్గరికి, దూరానికి జరిపింది.

“తేలే వారమని ఇక్కడుందే. నంబరుకీ వాడకానికీ సంబంధం లేదని కూడా ఉంది. నువ్వు ఇంతదాకా చదవలేదా?”

వెర్డెల్ చెప్పేసింది. చెప్పడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియక, కార్లీన్ దగ్గును కూడా చెప్పింది.

లర్లీన్ చొక్కాను మడిచి ఒళ్ళో పెట్టుకుంది. “అయితే ఈ నలభై మూడిటినీ నేనేం చెయ్యను? గాలిపటాలు కట్టనా?”

“నాకు తెలియలేదు వదినా.”

“తెలుసుకోడానికి బుర్ర అక్కర్లేదమ్మా, ఫోను నొక్కడానికి వేలుంటే చాలు. క్రిస్మసు నాడు కుర్చీ మీద నిలబడి మరీ చెప్పావు!”

“రేపు తొమ్మిదింటికి గదులు తిరిగొస్తాయి. ఒక్కటైనా పట్టుకుంటాను. అత్తా, నేను మాటిచ్చాను. జులైలో నిన్ను ఆ బాల్కనీలో కూర్చోబెడతాను.”

అత్త ఫైలు మూసి, దాని మీద రెండు అరచేతులూ పెట్టింది. కణుపులు ఉబ్బి, చూపుడువేళ్లు పక్కకు తిరిగిపోయిన చేతులవి.

“ఆ పదకొండంతస్తులు లేవకముందు అక్కడ రెండంతస్తుల మోటెలుండేది,” అంది. “ఇక్కణ్ణుంచి పొద్దున్న మూడున్నరకి పనివాళ్ల బస్సు. శనివారం పదింటికి పాతవాళ్లు ఖాళీ చేస్తారు, నాలుగింటికి కొత్తవాళ్లు దిగుతారు. ఈ మధ్యలో మాకు ఒక్కొక్కళ్లకీ ఊడ్చి సర్దడానికి పద్నాలుగు గదులు. జులైలో అయితే పరుపులు దులిపితే బకెట్టెడు ఇసుక రాలేది. నా నెలలన్నిటిలోకీ పాడు నెల జులై.”

“ఇప్పుడు నువ్వు పని చెయ్యక్కర్లేదు కదత్తా. ఊరికే కూర్చుంటావు.”

“నలభై ముగ్గురన్నావు. ఫ్లాటుకి ఎనిమిదిమందికే లోపలికెళ్లే చేతిపట్టీలిస్తారు, మిగతావాళ్లు ఈతకొలను కంచె పట్టుకుని వేలాడతారు. ఆ పిల్లల తడి తువ్వాళ్లన్నీ ఎక్కడ పడేస్తారు? నేను కూర్చున్న బాల్కనీలోనే. తడి తువ్వాలు నేల మీద కనబడిందంటే నా నడుం నన్నడక్కుండానే వంగుతుంది.”

లర్లీన్ నవ్వబోయి ఆగింది.

“మేలో మాత్రం బాగుండేది,” అంది అత్త, ఎవరితోనూ కాకుండా. “జనం ఉండేవాళ్లు కాదు. నేనూ, నాతో పనిచేసే ఇయోలా వెనక మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పేసేవాళ్లం. సూపర్‌వైజరు వచ్చేదాకా, ఒక పావుగంట.”

“ఇదంతా నీకోసమే కదత్తా మేం చేస్తున్నది!” అంది లర్లీన్.

“నాకోసమే. తెలుసు. అందరూ నాకోసమే చేస్తారు, అడిగినవాళ్లు మాత్రం లేరు.” అత్త గరిటె అందుకుంది. “తినండి, అన్నం చల్లారిపోతోంది.”

వెర్డెల్ తిన్నది. కానీ చేయి నోటికి వెళ్తున్నంతసేపూ ఆమె లోపల ఒక గడియారం తొమ్మిది వైపు నడుస్తూనే ఉంది. అత్త మాటలను ఆమె విన్నది. విని, జులైలో ఎలాగైనా ఒక గది దొరికితే తువ్వాళ్లు ఎవరూ కింద పడేయకుండా తానే కాపలా కాస్తానని మనసులో ఏర్పాటు చేసుకుంది.

*

సోమవారం పిల్లలను బడిలో దించి వస్తుండగా రైలు పట్టాల దగ్గర ఎర్రదీపం వెలిగింది. దుంగలు మోసే గూడ్సు. వెర్డెల్ నిబంధన ప్రకారం బస్సు ఆపి, ఫ్యాను కట్టేసి, తలుపు తెరిచి, రైలు కళ్లెదుటే పోతున్నా చెవి రిక్కించి కూర్చుంది. ఎనిమిది నలభై ఆరు. పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, అరవై దాటాక మానేసింది. డిపో చేరేసరికి తొమ్మిదికి రెండు నిమిషాలు. ఇంజను ఆగగానే అలారం అందుకుంది. ఆమె చివరి వరుస దాకా పరుగులాంటి నడకతో వెళ్లి, అయినా ప్రతి సీటు కిందికీ వంగి చూసి, మీట నొక్కి, అక్కడే వెనుక సీటులో కూలబడి ఫోను తీసింది.

లైను ఖాళీ లేదు. మళ్లీ. ఖాళీ లేదు. తొమ్మిదో సారికి మోగింది, సంగీతం వచ్చింది. సంగీతం మధ్యలో ఒక మగగొంతు ఆమె ఫోనుకు ఎంతో విలువ ఇస్తున్నామని ఐదుసార్లు చెప్పింది. తొమ్మిదీ పదమూడుకు కార్లీన్ వచ్చింది.

“వెర్డెల్ గారా! ఒకటుందండీ, ఒక్కటే. జులై నాలుగు, నాలుగో అంతస్తు, లిఫ్టు పక్కనే, సముద్రం ఎదురుగా. మీ వెనకాల పద్నాలుగుమంది లైన్లో ఉన్నారు. మీ పేరు మీద వేసేయనా?”

వెయ్యి అన్న మాట నాలుక కొన దాకా వచ్చింది. లర్లీన్ ముఖం, అట్టపెట్టె లోని నలభై మూడు అలలు, మైదానంలో కాక ఇసుక మీద దిగే ఫొటో, అన్నీ ఒక్కసారిగా ఆమె ఎదుట నిలబడ్డాయి. ఆ ఫొటోలో అత్త కోసం వెతికింది. అత్త కుర్చీలో లేదు. బాల్కనీ మూల వంగి ఉంది.

“అమ్మా, వింటున్నారా?”

“మేలో ఏమున్నాయి?”

“మేలోనా?” కార్లీన్ గొంతులో తొట్రుపాటు వినిపించింది. “మే పదహారు శనివారం నుంచి ఉందండీ. ఏడు ఫ్లాట్లు ఖాళీగా ఉన్నాయి. కానీ మీకు ఏడాదికి ఒక్కటే. ఇదైనా, అదైనా.”

“మేది రేపటిదాకా ఆపి ఉంచుతావా? అడగాల్సిన మనిషొకరున్నారు.”

“మేది వారం రోజులైనా ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. జులైదాన్ని మాత్రం నేను నిమిషం ఆపలేను. ఇప్పుడు వద్దంటే ఇంక పోయినట్టే. అర్థమవుతోందా?”

“ఇప్పుడు బాగా అర్థమవుతోంది.”

“మరి మేలో బడులుంటాయి కదండీ. బస్సు నడపాలన్నారు. మీరెలా వస్తారు?”

“నేను రాను. వాళ్లని దిగబెట్టి వచ్చేస్తాను.”

“ఏడాదికి ఒక్క వారం కొనుక్కుని, అందులో మీరుండరా?”

“పద్నాలుగుమంది ఉన్నారన్నావు కదమ్మా,” అంది వెర్డెల్. “ఆ జులైది వాళ్లకిచ్చెయ్యి.”

అవతల ఒకే ఒక్క మీట నొక్కిన చప్పుడయింది. తరువాత కార్లీన్ ఏదో అన్నది గాని, వెర్డెల్ అప్పటికే అత్త ఇంటి నంబరు గుర్తు చేసుకుంటున్నది. ఆ నంబరు ఆమె ఫోనులో లేదు; చిన్నప్పటి నుంచి నోటికి వచ్చు గనుక ఎన్నడూ ఎక్కించలేదు.

రెండో మోతకే అత్త ఎత్తింది. “దొరికిందా?”

“దొరికింది. వదిలేశాను.”

పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న సవ్వడి ఫోనులోకి వచ్చింది.

“వదినకి నేనే చెప్పుకుంటాను. జులైలో ఎప్పట్లాగే చర్చి మైదానంలో కలుస్తాం. ఆ చొక్కాల మీద సముద్రం ఉంది కదా, చాలు.” వెర్డెల్ ఊపిరి తీసుకుంది. “అత్తా, మే పదహారు నుంచి ఒక వారం ఖాళీ ఉంది. నువ్వు, ఇయోలా, ఇంకా నీకు నచ్చినవాళ్లు. నేనుండను, పిల్లలుండరు. నీకు వెళ్లాలనుందా?”

“ఎప్పుడన్నావు?”

“మే పదహారు. శనివారం నుంచి శనివారం.”

“ఆ వారం నాకేమన్నా పనుందేమో చూసుకోవాలి,” అంది ఒజెల్లా అత్త. “లైన్లో ఉండు.”

ఫోనును బల్ల మీద పెట్టిన చప్పుడయింది. చెప్పులు నేల మీద ఈడుస్తూ వంటింటి గోడ వైపు వెళ్లాయి. గోడ మీద క్యాలెండరు కాగితం ఒకటి పైకి లేచిన చప్పుడయింది, తరువాత మరొకటి. చెవి దగ్గర ఫోను గుర్రుమంది; తెర మీద లర్లీన్ పేరు వెలిగింది, వెలిగి ఆరిపోయింది.

“ఉన్నావా పిల్లా?” అని దూరం నుంచి కేక.

“ఉన్నానత్తా. తొందరేం లేదు. చూసుకో.”